అకౌంట్ అద్దెకిచ్చే పిలకాయలు: సావాసం సిద్ధాంతం ఎందాకా పనికొస్తుంది?

కాకుటూరు_పీజీ

ఎమ్మే సోషియాలజీ డిసర్టేషన్‌కి టాపిక్ ఖాయమైంది. డిగ్రీ, పాలిటెక్నిక్ పిలకాయలు బ్యాంకు అకౌంటు, ఏటీఎం కార్డు, దానికి లింకైన సిమ్ము కలిపి సైబర్ మోసగాళ్ళకి, కొట్టేసిన డబ్బు దాటించుకోవడానికి అద్దెకివ్వడం మీద. నెల్లూరు టౌను, కావలి, ఒంగోలులో మూడు నాలుగు కాలేజీలు తీసుకుందామని ఆలోచన. సోషల్ లెర్నింగ్ థియరీ, అంటే నేరం కూడా సావాసంలో నేర్చుకునేదేననే సిద్ధాంతం, పెట్టమని గైడ్ గారన్నారు. దాన్ని కట్టిన అమెరికా నేరశాస్త్రవేత్తలు సదర్లాండ్, ఏకర్స్ దాకా చదివాను గానీ రెండు సందేహాలు తేలడం లేదు.

ఒకటి, ఈ నేరంలో నేర్చుకునేదానికి ఏముంది? పాస్‌బుక్ తీసి ఇవ్వడానికి ఒకరు నేర్పాలా? రెండు, టెలిగ్రామ్‌లో మొహమైనా చూడని మనిషితో ఉన్నదాన్ని సావాసం అనొచ్చా? ఇవి తేలితే ప్రశ్నావళి సంగతి అడుగుతా.

సావాసదోషం

మొదటి సందేహం మంచిది, దాన్ని డిసర్టేషన్ చివరిదాకా వదలొద్దు.

సదర్లాండ్ 1939లో మొదట రాసి, 1947లో 9 సూత్రాలుగా ఖరారు చేసిన సిద్ధాంతంలో మనిషి నేర్చుకునేవి రెండు. పనితనం ఒకటి. ఆ పని చేసినా ఫరవాలేదనిపించే మాటలు, సాకులు, వైఖరి రెండోది. పనితనం కొన్ని నేరాల్లో చాలా చిక్కుగా ఉంటుంది, కొన్నిట్లో చాలా తేలిక అని ఆయనే చెప్పాడు. అకౌంట్ అద్దె రెండో రకం. అందుకే ఇక్కడ చూడాల్సింది చేతి పని కాదు, నోటి మాటలు.

ఒకే మోసంలో మెట్టు మెట్టుకీ ఈ పాళ్ళు మారిపోతాయి. ఫోన్ చేసి కస్టమ్స్ అనో సీబీఐ అనో బెదిరించేవాడికి స్క్రిప్టు కావాలి, గొంతు కావాలి, అవతలివాళ్ళు ఎక్కడ తడబడతారో తెలియాలి. పనితనం అక్కడ బరువు. అకౌంట్లు పోగుచేసే ఏజెంటుకి పరిచయాలు కావాలి. ఆఖరి మెట్టు మీద ఉండే మన పిలకాయకి కావాల్సిందల్లా 'ఇది తప్పు కాదు' అనే నమ్మకం. అది కూడా సొంతంగా పుట్టదు, ఒకరి నోటి నుంచి వస్తుంది. ఎవరి నోటి నుంచి అన్నదే నీ పరిశోధన.

సైక్స్, మాట్జా 1957లో ఇట్టాంటి సాకుల్ని ఐదు రకాలుగా విడగొట్టారు. మన హాస్టళ్ళ భాషలో ఇట్టా ఉంటాయి:

'నేనేం దొంగతనం చేశానా, నా అకౌంటే కదా ఇచ్చింది.' బాధ్యత నాది కాదు.
'పోయిన డబ్బు బ్యాంకోళ్ళు ఇస్తార్లే.' నష్టం లేదు.
'అత్యాశకి పోయాడు, పోగొట్టుకున్నాడు.' బాధితుడు బాధితుడే కాదు.
'కోట్లు ఎగ్గొట్టి ఫ్లైటెక్కినోళ్ళని వదిలేసి మామీద పడతారేంది?' అడిగేవాళ్ళకి అడిగే అర్హత లేదు.
'రూమ్మేటు అడిగితే కాదంటామా?' చట్టం కన్నా స్నేహం పెద్దది.

ఇవన్నీ పని అయ్యాక వెతుక్కునే సాకులని చాలామంది అనుకుంటారు. సైక్స్, మాట్జా వాదన దానికి తిరగేసి ఉంటుంది: ముందే నేర్చుకుంటారు, ఆ మాట చేతిలో ఉంది కాబట్టే చెయ్యగలుగుతారు. ప్రశ్నావళిలో దీన్ని పట్టుకోవాలంటే, ఇవ్వనివాళ్ళని కూడా ఈ ఐదు మాటలు ఒప్పుకుంటావా అని అడగాలి. ఇచ్చినవాళ్ళనే అడిగితే సాకు ముందుదో వెనకదో ఎప్పటికీ తెలియదు.

చీమకుర్తి_రాయి

అన్నా, ఇదంతా చుట్టు తిప్పి చెప్పడం. డబ్బు లేక ఇస్తున్నారు. కాలేజీ ఫీజు బాకీ, పీజీ హాస్టల్ బాకీ, బెట్టింగ్ యాప్‌లో పోయింది. ఎవడో అయిదు వేలు ఇస్తానంటే ఇస్తాడు. దీనికి అమెరికా ప్రొఫెసర్లు కావాలా?

సావాసదోషం

డబ్బు అవసరం లేదని ఎవరూ అనలేదు. కానీ ఒకే హాస్టల్లో, ఒకే ఫీజు బాకీ ఉన్న ఇరవైమందిలో ఇద్దరే ఎందుకిస్తారు? బాకీ ఇరవైమందికీ ఉంది. ఆ ఇద్దరికీ ఏజెంటుతో పరిచయం ఉంది, 'ఫరవాలేదు' అని చెప్పే సీనియర్ ఉన్నాడు. బాకీ తోస్తుంది, ఎటు తోస్తుందో సావాసం నిర్ణయిస్తుంది. క్లోవార్డ్, ఓలిన్ 1960లో చెప్పింది ఇదే: అడ్డదారికి కూడా దారి చూపేవాడు ఉండాలి, ఆ దారి అందరికీ ఒకేలా అందుబాటులో ఉండదు.

నువ్వు చెప్పిన బెట్టింగ్ మాత్రం విడిగా చూడాల్సిందే. అందులో నష్టపోయినవాడికి బాకీతోపాటు ఇంకోటి కూడా వస్తుంది: యూపీఐలో ముక్కూమొహం తెలియనివాళ్ళకి డబ్బు పంపడం, వాళ్ళ నుంచి తీసుకోవడం అలవాటైపోతుంది. ఆంధ్రాలో 2020 నుంచే ఆన్‌లైన్ జూదం నిషేధం, 2025లో కేంద్రం చట్టం కూడా వచ్చింది. అయినా టెలిగ్రామ్ ఐడీల మీద నడిచేది నడుస్తూనే ఉంది. అకౌంటు అడిగే ఏజెంటు తరచుగా ఆ గుంపుల్లోనే దొరుకుతాడు.

కాకుటూరు_పీజీ

సార్, మరి రెండో సందేహం? సదర్లాండ్ నేర్చుకోవడం ముఖ్యంగా దగ్గరి మనుషుల మధ్యే అన్నాడు కదా. సినిమాలు, పేపర్ల పాత్ర పెద్దగా లేదన్నట్టు రాశాడు.

సావాసదోషం

ఆయన రాసిన కాలానికి అది సబబే. దానికి తొలి సవరణ 1956లో గ్లేసర్ చేశాడు: మనిషి ఎవరితో కలిసి తిరుగుతున్నాడు అన్నదానికన్నా, ఎవరిలా ఉండాలనుకుంటున్నాడు అన్నది ముఖ్యం. ఆ 'ఎవరు' ఎదురుగా ఉండక్కర్లేదు. రీల్స్‌లో ఐఫోన్, బైకు చూపించే 'ట్రేడర్ అన్న' ఈ లెక్కలోకి వస్తాడు.

తర్వాత 1966లో బర్జెస్, ఏకర్స్ కలిసి సదర్లాండ్ సిద్ధాంతానికి మనస్తత్వ శాస్త్రం జోడించారు. ఏకర్స్ దాన్ని తర్వాత నాలుగు ముక్కలుగా స్థిరపరిచాడు: సావాసం, మంచిచెడ్డల నిర్వచనాలు, ప్రతిఫలం, అనుకరణ. నీ డిసర్టేషన్‌కి ఈ నాలుగూ సరిపోతాయి. సావాసాన్ని మళ్ళీ నాలుగు కొలతలతో చూడాలి. ఎంత తరచుగా, ఎంతకాలంగా, ఎంత చిన్న వయసు నుంచి, ఎంత గాఢంగా. టెలిగ్రామ్ గుంపు మొదటిదాంట్లో రూమ్మేటుని మించిపోతుంది, రోజుకి రెండొందల మెసేజీలు. నాలుగోదాంట్లో వెనకపడుతుంది. అందుకే గుంపులో చూసి ఊరికే ఉన్నవాడు, అదే మాట రూమ్మేటు అన్నాక కదులుతాడు. ఆన్‌లైనా ఆఫ్‌లైనా అని పోటీ పెట్టకుండా రెండూ విడివిడిగా కొలిచి, రెండూ కలిసినప్పుడు ఏమవుతుందో చూడు.

ఇప్పుడు ప్రతిఫలం. ఈ గుంపుల్లో 'పేమెంట్ ప్రూఫ్' అనే మెసేజీ ఒకటి కచ్చితంగా ఉంటుంది. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, పేరు మీద నల్లగీత, పక్కన మొత్తం కనపడేట్టు ఉంచి 'బ్రో పేమెంట్ డన్, థాంక్స్ అడ్మిన్'. కింద వరసగా మంట బొమ్మలు, చప్పట్లు. తర్వాత నిమిషంలో 'నాకు కూడా వచ్చింది అన్నా' అని ఇంకొకడు. ఆ చప్పట్లు కొట్టే ఐడీల్లో ఎన్ని ఒకే మనిషివో బయటివాడికి తెలిసే దారి లేదు. స్క్రీన్‌షాట్ తయారుచెయ్యడం ఎంతసేపు. కానీ చూసేవాడి మీద దాని పని నిజమైనదానిలాగే ఉంటుంది. ఇతరులకి దొరికిన ప్రతిఫలం చూసి నేర్చుకోవడం అంటే ఇదే.

మనస్తత్వ శాస్త్రవేత్త బండూరా 1965 ప్రయోగం ఇక్కడ బాగా ఉపయోగం. బొమ్మని కొట్టే మనిషి ఫిల్మ్‌ని పిల్లలకి మూడు ముగింపులతో చూపించాడు: మెచ్చుకున్నట్టు, శిక్షించినట్టు, ఏమీ జరగనట్టు. శిక్ష చూసినవాళ్ళు తక్కువ అనుకరించారు. ఆ తర్వాత, చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనేసరికి ఆ తేడా పోయింది. అంటే వాళ్ళూ నేర్చుకున్నారు, బయట పెట్టలేదంతే. గుంపులో ఆరు నెలలుగా ఒక్క మెసేజీ కూడా పెట్టకుండా చదువుతున్నవాడు 'చెయ్యలేదు' కాబట్టి 'నేర్చుకోలేదు' అని రాయకు. ఫీజు గడువు వచ్చిన రోజు తెలుస్తుంది.

ఒంగోలు_కౌంటర్

బ్యాంకు వైపు నుంచి కొన్ని వివరాలు, థియరీకి ఎట్టా అతుకుతాయో మీరే చూసుకోండి.

అకౌంటు ఇచ్చిన పిలకాయకి డబ్బు ఎప్పుడు వస్తుంది? కిట్ (పాస్‌బుక్, కార్డు, సిమ్ము) చేతులు మారిన రోజో, మర్నాడో. దెబ్బ ఎప్పుడు తగులుతుంది? బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, ఫిర్యాదు పోర్టల్‌లోకి ఎక్కి, డబ్బు ఏ అకౌంట్లలోకి పోయిందో గొలుసు పట్టుకుని ఒక్కోదాని మీద హోల్డ్ (డబ్బు తియ్యకుండా ఆపడం) పడ్డాక. వెంటనే ఫిర్యాదు చేస్తే గంటల్లో, ఆలస్యమైతే వారాల్లో. ఈ మధ్యలో పిలకాయ ఇంకో ఇద్దరికి 'నాకేం కాలేదు' అని చెప్పేసి ఉంటాడు. వాళ్ళూ ఇచ్చేస్తారు.

కౌంటర్ దగ్గర గుర్తుపట్టేవి: అకౌంట్ తెరిచేటప్పుడు పక్కన ఇంకొకరు నిలబడి ఫారం నింపుతుంటారు, సంతకం మాత్రమే పిలకాయది. కరెంట్ అకౌంటు అయితే సంస్థ పేరేందంటే తడుముకుంటాడు. పిన్ కవరు, చెక్‌బుక్ అక్కడే పక్కవాడి సంచిలోకి పోతాయి. ఇచ్చిన ఫోన్ నంబరుకి ఓటీపీ వస్తే 'అన్న దగ్గరుంది, అడగాలి' అంటాడు. తర్వాత నెలల తరబడి రెండొందలు, మూడొందలు ఉన్న ఖాతాలోకి ఒక్కరోజులో వేరే రాష్ట్రాల నుంచి ముప్పై నలభై జమలు, సాయంత్రానికి మళ్ళీ ఖాళీ. ఇట్టాంటి నడతని పట్టడానికే రిజర్వు బ్యాంకు ఇన్నొవేషన్ హబ్ మ్యూల్‌హంటర్ (ఇట్టా అద్దెకిచ్చిన ఖాతాల్ని 'మ్యూల్' అంటారు) అనే సాధనం తయారు చేసింది, 2024 డిసెంబరులో ప్రకటించారు.

చెడేది ఎక్కడంటే, విద్యార్థుల జీరో బ్యాలెన్స్ ఖాతాలు కాలేజీలోనే క్యాంపు పెట్టి ఒకే పూట వంద తెరుస్తారు. అప్పుడు ఎవరి మొహం ఎవరూ చూడరు, 'కార్డు, పిన్ ఎవరికీ ఇవ్వకు' అనే ఒక్క ముక్క చెప్పే తీరిక ఉండదు.

పెన్నా_వకీలు

గుంపుల్లో తిరిగే ఇంకో 'నిర్వచనం' ఉంది, సావాసదోషం గారి ఐదింటికి ఆరోది అనుకోండి: 'పట్టుకున్నా నోటీసిచ్చి పంపిస్తారు, స్టేషన్ బెయిలే.' ఇందులో పావు నిజం ఉంది కాబట్టే బలంగా నడుస్తోంది.

ఏడేళ్ళ లోపు, లేదా ఏడేళ్ళ దాకా శిక్ష పడే నేరాల్లో వెంటనే అరెస్టు చెయ్యకుండా హాజరు కమ్మని నోటీసిస్తారు. పాత సీఆర్‌పీసీలో (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 41ఎ, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 35(3). మోసం బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 318(4), ఏడేళ్ళ దాకా. కంప్యూటర్ వాడి వేరేవాడిలా నటించి మోసం చెయ్యడం ఐటీ చట్టం 66డి, మూడేళ్ళ దాకా, లక్ష రూపాయల దాకా జరిమానా. కాబట్టి నోటీసు మాట నిజమే. దాస్తున్నది ఏందంటే: నోటీసంటే కేసు పోవడం కాదు, షరతు తప్పితే అరెస్టు చెయ్యొచ్చు, అవసరమని కారణాలు రాసి ముందే కూడా చెయ్యొచ్చు. సైబర్ నేరాన్ని ముఠాగా నడిపితే బీఎన్‌ఎస్ 111 వ్యవస్థీకృత నేరం కిందికి వస్తుంది, అక్కడ కనీస శిక్షే ఐదేళ్ళు. అన్నిటికన్నా పిలకాయలకి తెలియనిది, బాధితుడు రాజస్థాన్‌లో ఉంటే కేసు అక్కడే కడతారు. కావలి కుర్రోడు వాయిదా వాయిదాకీ అక్కడికి పోవాలి.

'నాకు తెలియదు' అన్నది కోర్టులో చెప్పుకోవచ్చు. కానీ డబ్బు తీసుకుని కార్డు, సిమ్ము, పిన్ కలిపి ఇచ్చాక ఏం తెలియదనడం ఎవరికైనా మింగుడుపడే మాట కాదు.

చీమకుర్తి_రాయి

సరే ఒప్పుకుంటా. కానీ ఇంకో మాట. సావాసం వల్ల చెడిపోయాడా, చెడిపోయే రకం కాబట్టే ఆ సావాసం పట్టాడా? ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, గంతకు తగ్గ బొంత అని కూడా మనోళ్ళే అంటారు.

సావాసదోషం

ఈ సిద్ధాంతం మీద పడిన పెద్ద దెబ్బ అదే, ఎనభై ఏళ్ళుగా తెగలేదు. గాట్‌ఫ్రెడ్‌సన్, హిర్షీ 1990లో 'ఆత్మనిగ్రహం తక్కువ ఉన్నవాళ్ళు నేరమూ చేస్తారు, అట్టాంటి స్నేహితుల్నీ వెతుక్కుంటారు' అన్నారు. ఆన్‌లైన్ పైరసీ మీద వచ్చిన పరిశోధనల్లో రెండూ పనిచేస్తాయనే తేలింది, ఒకటి రెండోదాన్ని పూర్తిగా చెరిపెయ్యలేదు. కంప్యూటర్ నేరాలకి ఏకర్స్ సిద్ధాంతాన్ని తొలిరోజుల్లోనే పరీక్షించింది స్కిన్నర్, ఫ్రీమ్, 1997లో, కాలేజీ విద్యార్థుల మీద: కాపీ సాఫ్ట్‌వేర్, పాస్‌వర్డ్ ఊహించి వేరేవాళ్ళ ఫైళ్ళు చూడటం లాంటివి. స్నేహితులు చేస్తున్నారా లేదా అన్నది అక్కడ బలంగా పనిచేసింది.

2010లో ప్రాట్, ఆయన సహచరులు ఈ సిద్ధాంతం మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్క వేశారు. సావాసం, నిర్వచనాలు బలంగా నిలబడ్డాయి. ప్రతిఫలం, అనుకరణ అంత బలంగా లేవు. నీ ఫలితాలు కూడా అట్టాగే వస్తే కంగారుపడకు. ప్రతిఫలాన్ని కాగితం మీద కొలవడం కష్టం, అది కూడా ఒక కారణం.

సిద్ధాంతం పనికిరాని చోట్లు కూడా రాయి. ప్రేమ చెడిందని ఒంటరిగా కూర్చుని ఫొటోలు బయటపెట్టేవాడికి నేర్పిన గుంపు దొరక్కపోవచ్చు. కంబోడియా, మయన్మార్ స్కామ్ కేంద్రాలకి డేటా ఎంట్రీ ఉద్యోగమని పోయి ఇరుక్కున్నవాళ్ళ సంగతి ఇంకో రకం. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు అదే. అక్కడ స్క్రిప్టు బట్టీ పట్టిస్తారు, ఒకడు బాధితుడిగా, ఒకడు అధికారిగా సాధన చేయిస్తారు, టార్గెట్ అందకపోతే శిక్ష. నేర్పడం అచ్చంగా ఏకర్స్ చెప్పినట్టే ఉంటుంది, కానీ పాస్‌పోర్టు లాక్కుని నేర్పినదాన్ని సావాసం అనడానికి నాకు మనసొప్పదు.

లెక్కల_లక్ష్మి

ప్రశ్నావళి గురించి. గంతా బొంతా తగువుకి సగం కారణం చెడ్డ ప్రశ్నలే.

'నీ స్నేహితుల్లో ఎంతమంది అకౌంట్ అద్దెకిచ్చారు?' అని అడగొద్దు. తాను ఇచ్చినవాడు అందరూ ఇస్తారనుకుని ఎక్కువ చెబుతాడు. అక్కడితో సావాసానికీ నేరానికీ లేని సంబంధం పుట్టుకొస్తుంది. చూసినది అడుగు: 'గత 6 నెలల్లో నీ పాస్‌బుక్, ఏటీఎం కార్డు లేదా సిమ్ కావాలని ఎవరైనా అడిగారా? అడిగింది రూమ్మేటా, సీనియరా, ఊరివాడా, ఆన్‌లైన్ పరిచయమా?' ఒక ప్రశ్నలో ఒకటే విషయం. 'అకౌంట్ ఇవ్వడం తప్పు, శిక్ష పడుతుంది' అని రాస్తే దేనికి ఒప్పుకున్నాడో తెలియదు.

నిర్వచనాలకి 5 మాటలు, ప్రతిఫలానికి 4, అనుకరణకి 4 చొప్పున, ఒక్కోదానికి 'అస్సలు ఒప్పుకోను' నుంచి 'పూర్తిగా ఒప్పుకుంటా' దాకా 5 గళ్ళు. ముందు ముప్పై మందితో చేసి క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని చెప్పే అంకె) చూడు, 0.7 కన్నా తక్కువొస్తే మిగతావాటితో పొసగని ప్రశ్న తీసెయ్యి. ఆత్మనిగ్రహం కొలత కూడా పెట్టకపోతే చీమకుర్తి గారి ప్రశ్నకి జవాబు ఉండదు. వీలైతే సెమిస్టర్ మొదట ఒకసారి, చివర ఒకసారి అదే మనుషుల్ని అడుగు. మొదటిసారి సావాసం, రెండోసారి పని, ఈ వరస ఉంటేనే ఏది ముందో చెప్పగలవు. రెండు కాగితాల్ని కలపడానికి పేరు, రోల్ నంబరు వద్దు. అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీలో రోజు, ఫోన్ చివరి రెండంకెలు కలిపి వాళ్ళనే కోడ్ రాసుకోమను.

'నువ్విచ్చావా?' అన్న అసలు ప్రశ్నకి నేరుగా నిజం రాదు. వార్నర్ 1965లో చూపిన దారి ఒకటుంది, దాన్నే కొంచెం మార్చి నాణెంతో చేస్తారు. విద్యార్థి ఎవరికీ చూపకుండా నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే నిజమేదైనా 'అవును' అని రాయాలి, బొరుసు పడితే నిజం రాయాలి. ఎవరి 'అవును' ఏదో ఎవరికీ తెలియదు. 200 మందిలో 120 'అవును' వచ్చాయనుకో. సుమారు 100 నాణెం వల్లే వచ్చాయి. మిగిలిన 100 మందిలో 20, అంటే 20 శాతం.

చాలామంది బోల్తా పడేది దీని తర్వాత. నాణెం సగం సమాచారాన్ని మింగేస్తుంది. 200 మందితో ఆ 20 శాతానికి అటూ ఇటూ దాదాపు 14 పాయింట్లు తేడా ఉండొచ్చు, అంటే 6 నుంచి 34 దాకా ఏదైనా కావచ్చు. 800 మంది ఉంటే 7 పాయింట్లకి తగ్గుతుంది. ఇంకోటి, ఈ పద్ధతి గుంపు మొత్తం శాతం చెబుతుంది గానీ ఎవరు ఇచ్చారో చెప్పదు. కాబట్టి సావాసం స్కోరుతో కలపాలంటే దానికి వేరే రిగ్రెషన్ (రెండింటి సంబంధం తేల్చే గణాంక లెక్క) కావాలి, అవును-కాదు జవాబులకి వాడే మామూలు లాజిస్టిక్ పనికిరాదు. నీకు 300 మందే దొరుకుతారనుకుంటే నాణెం వదిలెయ్యి, 'అడిగితే ఇచ్చేవాడివా?' అని ఒక చిన్న సందర్భం రాసి అడుగు. సందర్భాన్ని రెండు రకాలుగా అచ్చువేసి కలిపి పంచు. ఒకదాంట్లో అడిగేది రూమ్మేటు, ఇంకోదాంట్లో టెలిగ్రామ్ అడ్మిన్. తేడా తేటగా కనిపిస్తుంది.

కాకుటూరు_పీజీ

మేడమ్, రెండు రకాల కాగితాల ఆలోచన చాలా బావుంది, అదే పెడతాను. ఒకవేళ పిలకాయ ఎవరైనా 'నేను ఇచ్చాను' అని నా దగ్గర చెప్పేస్తే?

లెక్కల_లక్ష్మి

కాగితం మీద మొదటి పేజీలోనే రాయి: పేరు, అకౌంట్ నంబరు, ఏజెంటు పేరు రాయొద్దని. నోటితో చెప్పబోతే అక్కడే ఆపి, ఇక్కడ కింద వకీలు గారు చెప్పే పని చేయమను. చేతిలో ఆ వివరాలుంటే రేపు నిన్ను అడుగుతారు.

పెన్నా_వకీలు

ఇచ్చేసినవాడు చెయ్యాల్సింది, వరసగా.

ముందు కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించాలి, యాప్‌లో కాకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి. అదే రోజు బ్రాంచికి పోయి, ఎప్పుడు ఎవరికి ఇచ్చాడో రాసి మేనేజరుకి లేఖ ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోవాలి. సిమ్ బ్లాక్ చేయించాలి. కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో తన పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసి, తనవి కానివాటిని అక్కడే తెలియజెయ్యాలి. ఆ తర్వాత దగ్గర్లోని స్టేషన్లో లిఖితంగా చెప్పాలి, వీలైతే వకీలుని వెంటబెట్టుకుని. ఖాతాలోకి వచ్చిన డబ్బు ముట్టుకోకూడదు. 'తప్పుగా పడింది, వెనక్కి పంపు' అని ఎవడైనా అడిగినా సొంతంగా పంపకూడదు, అది గొలుసులో ఇంకో మెట్టు అవుతుంది. చాట్ డిలీట్ చెయ్యడం అందరూ చేసే పొరపాటు. తనని కాపాడేది ఆ చాటే.

పలకల_సందు

కాలేజీల్లో అవగాహన కార్యక్రమాలు పెట్టేవాళ్ళకి రెండు మాటలు. మార్కాపురం నుంచి నెల్లూరు దాకా నోటీసు బోర్డుల మీద ఒకటే పోస్టరు: సంకెళ్ళ బొమ్మ, 'ఏడేళ్ళ జైలు'. ఏకర్స్ ప్రకారం శిక్ష పెద్దదా చిన్నదా అన్నదొక్కటే చాలదు, పడే అవకాశం ఎంత, ఎంత తొందరగా అన్నవి కూడా పనిచేస్తాయి. ఏడేళ్ళు అనేది దూరం, 'నోటీసిచ్చి పంపిస్తారు' అని గుంపులో ముందే విన్నాడు. దాని బదులు దగ్గరగా, కచ్చితంగా జరిగేది చెప్పాలి: అకౌంటు మీద హోల్డ్ పడితే అందులోకి వచ్చే స్కాలర్‌షిప్ తీసుకునే వీలుండదు, ఇంటి నుంచి అమ్మ పంపిన డబ్బు ఇరుక్కుంటుంది, తీయించుకోవడానికి కేసు ఉన్న రాష్ట్రం పోలీసులతో ఉత్తరాలు నడపాలి. ఒంగోలు_కౌంటర్ గారు చెప్పిన అకౌంట్ క్యాంపు రోజే చెప్తే ఇంకా మంచిది. ఫైనలియర్ ఫేర్‌వెల్ ముందు చెప్తే ఏం లాభం?

'మన జిల్లాలో చాలామంది విద్యార్థులు ఇందులో దిగుతున్నారు' అని మైకులో చెప్పడం ఇంకో పెద్ద తప్పు. వినేవాడికి అందులో హెచ్చరిక వినపడదు, అందరూ చేస్తున్నారనే వినపడుతుంది. గుంపు అడ్మిన్ చెప్పేదీ అదే మాట.

అన్నిటికన్నా చెడ్డది, దొరికిన పిలకాయలందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి సామూహిక కౌన్సెలింగ్. డిషన్, మెకార్డ్, పౌలిన్ 1999లో దీని మీదే రాశారు: దారి తప్పిన కుర్రాళ్ళని ఒకచోట చేర్చి దిద్దబోతే కొన్నిచోట్ల ఇంకా చెడ్డారు, ఒకడి గొప్పలకి ఇంకొకడు నవ్వి మెచ్చుకోవడమే ప్రతిఫలం అయింది. జైలు చూపించి బెదిరించే కార్యక్రమాల మీద సమీక్షలు కూడా మేలు కన్నా కీడే ఎక్కువని తేల్చాయి. ఒక్కొక్కరితో విడిగా, ఇంట్లోవాళ్ళని కలుపుకుని మాట్లాడాలి. మనోళ్ళేమో బస్సు మాట్లాడి సబ్‌జైలు చూపించాలని ఉబలాటపడతారు.

చీమకుర్తి_రాయి

బస్సు సంగతి నిజమే, ఫొటోలు బాగా వస్తాయి మరి. ఒక్కటి అడుగుతా. డబ్బు పోగొట్టుకునేవాళ్ళకి కూడా ఇదే సిద్ధాంతం వర్తిస్తదా? లైకులు కొడితే డబ్బులు అనే టాస్కుల్లో పోగొట్టుకున్నోళ్ళు మా క్వారీల పక్కనే బోలెడు మంది.

సావాసదోషం

వర్తిస్తుంది, అచ్చంగా. మొదట లైకుకి యాభై, నూటయాభై నిజంగానే ఇస్తారు. అది ప్రతిఫలం. గుంపులో ముప్పై మంది 'నాకు విత్‌డ్రా అయింది' అంటారు. అది అనుకరణకి ఎర. తర్వాత 'ప్రీపెయిడ్ టాస్క్' అని వెయ్యి కట్టించి పదమూడొందలు తిరిగిస్తారు. అక్కడికి అలవాటు పడ్డాక పదివేలు, యాభైవేలు, ఈసారి 'క్రెడిట్ స్కోరు తక్కువ, ఇంకొంచెం కట్టు' అని లాగుతారు. నేరం నేర్పేదానికీ బాధితుణ్ణి మలిచేదానికీ వాడే పనిముట్టు ఒకటే. అదే గుంపులో డబ్బంతా పోగొట్టుకున్నవాడికి 'మీ అకౌంటు ఇవ్వండి, నష్టం పూడ్చుకోవచ్చు' అని మెసేజీ వస్తుంది. కాకుటూరు_పీజీ, నీ కాగితంలో ఒక ప్రశ్న చేర్చు: అకౌంటు అడగకముందు ఏడాదిలో ఆన్‌లైన్‌లో నువ్వు డబ్బు పోగొట్టుకున్నావా, పోతే ఎంత?

కాకుటూరు_పీజీ

చేర్చాను సార్. పైలట్‌కి ముప్పై మంది కావలిలో దొరికారు, కాలేజీ అనుమతి లేఖ వచ్చింది. ఆల్ఫాలు రాగానే ఇక్కడే పెడతాను. లక్ష్మి మేడమ్, రెండు రకాల కాగితాలు బెంచీలవారీగా కాకుండా పేకముక్కల్లా కలిపి పంచితే సరిపోతుందా?

లెక్కల_లక్ష్మి

సరిపోతుంది. కానీ పక్క పక్కనున్నవాళ్ళు ఒకరి కాగితం ఒకరు చూసుకుంటారు, అడిగేది వేరే అని తెలిసిపోతే పైలట్ పాడు. బెంచీకి ఒకరిని కూర్చోబెట్టు.